చిన్నాన్న పేరుకు పట్టిన సమయం

మా చిన్నాన్న చేత ఛాతీ ఎక్స్‌రే తీయించింది నేనే. ఆయన వద్దంటే వద్దన్నాడు. రెండు వారాలు పోరి ఒప్పించాను. ఈ మాట ముందే చెప్పేస్తే తక్కినది రాయడం కాస్త తేలికవుతుందనుకున్నాను. కావడం లేదు.

అప్పటికి మా భిలాయి కొత్త రాష్ట్రంలోకి వచ్చి మూడో ఏడు నడుస్తోంది. వైశాలి నగర్‌లో ఒక మేడ మీద మూడు గదుల సాఫ్ట్‌వేర్ ఆఫీసు, అందులో నా ఉద్యోగం. యజమానితో కలిపి ఐదుగురం. ఐదుగురిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి టీ ఎవరు పెట్టాలన్న ప్రశ్న మొదటి వారంలోనే వచ్చింది, మొదటి వారంలోనే తేలిపోయింది కూడా. నాకు నోరెక్కువని మా అమ్మ అనేది. ఆ నోరు లేకపోతే నేను ఇవాళ్టికీ అక్కడ టీ పెడుతూనే ఉండేదాన్ని.

మా నాన్న, చిన్నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఒకే రైల్లో భిలాయి వచ్చారు. నాన్నకు ఉక్కు ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం దొరికింది, సెక్టర్ 6లో క్వార్టరు వచ్చింది. చిన్నాన్న ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద చేరి కోక్ ఓవెన్ల దగ్గర బొగ్గుపొడి ఎత్తేవాడు. ఖుర్సీపార్‌లో రెండు గదుల ఇల్లు. అన్నదమ్ములిద్దరూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్ళేవారు. నాన్న దగ్గర రిటైరయ్యేదాకా చెల్లే కార్డుండేది, చిన్నాన్న దగ్గర మూడు నెలలకోసారి కొత్తగా రాయించుకోవాల్సిన గేటు పాసు. పాసు లేకపోతే పని లేదు. పని లేకపోతే ఆ ఊళ్ళో ఆయనకంటూ ఏమీ లేదు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి జేబులో వేసుకు తిరిగేవాడు. స్నానానికి వెళ్ళేటప్పుడు కిటికీలో పెట్టి, రాగానే తడి చేత్తోనే మళ్ళీ జేబులో వేసుకునేవాడు.

ఆ ఏడు ఠేకేదారు మనుషులందరికీ పాసు మార్చే ముందు వైద్య పరీక్ష పెట్టారు. ఒక ప్రైవేటు క్లినిక్‌కు ఆ పని అప్పగించారు. కళ్ళు, బీపీ తప్పనిసరి. ఛాతీ ఎక్స్‌రే మాత్రం ఇష్టమైతేనే. యూనియన్ వాళ్ళు పట్టుబట్టి ఒక షరతు పెట్టించారు. ఎక్స్‌రేలో ఏం కనబడినా అది డాక్టరుకూ ఆ మనిషికీ మధ్యే ఉండాలి. ఠేకేదారు ఆఫీసులో హాజరు పుస్తకం రాసే మున్షీ తన కంప్యూటర్‌లో పాసు నంబరు కొడితే, క్లినిక్‌లోని యంత్రం ఫోను లైను మీద పంపే జవాబుగా తెరమీద 'పరీక్ష పూర్తి' అన్న మాట ఒక్కటే రావాలి. ఊపిరితిత్తులు గుల్లయినవాడికైనా, గుండ్రాయిలాంటి వాడికైనా అదే మాట. ఆ ప్రోగ్రాం రాసే పని మా ఆఫీసుకు వచ్చింది. అందులో తాళాల భాగం నాది.

తాళాలంటే మామూలు తాళాలు కావు. వీటికి వేసే తాళంచెవి వేరు, తీసే చెవి వేరు. వేసే చెవి ఊరందరికీ పంచినా ఫరవాలేదు. తీసే చెవి క్లినిక్‌లోని యంత్రం దాటి బయటికి రాకూడదు. ఆ చెవి ఒక పెద్ద సంఖ్య. తాళం తీయడమంటే, వచ్చిన సంఖ్యను యంత్రం ఆ చెవి ప్రకారం వందలసార్లు గుణించడం. చిక్కంతా అక్కడే ఉంది. ఆ గుణకారాలకు పట్టే సమయం చెవిలోని అంకెలను బట్టి, లోపలికి వచ్చిన సంఖ్యను బట్టి రవ్వంత మారుతుంది. బయట కూర్చున్నవాడు కావాలని రకరకాల సంఖ్యలు పంపి, ఏ జవాబు ఎంతసేపట్లో వచ్చిందో వేలసార్లు కొలిచాడంటే, ఆ తేడాలు లెక్కగట్టి చెవిని అంకె తర్వాత అంకెగా బయటికి లాగగలడు. తాళాన్ని ముట్టుకోనే ముట్టుకోడు.

సెక్టర్లలో పెరిగినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. షిఫ్టు సైరన్ మోగిన ఎంతసేపటికి వీధిలో సైకిల్ గంట వినబడిందో దాన్ని బట్టి మా అమ్మ నాన్న సంగతంతా చెప్పేసేది. పావుగంటైతే మామూలు రోజు. అరగంటైతే ఎవరితోనో గొడవ. గంట దాటితే పొయ్యి మీది గిన్నె దించేసి గుమ్మంలో నిలబడేది. నాన్న నోరు విప్పి చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఈ దొంగతనానికి విరుగుడు బ్లైండింగ్. వచ్చిన సంఖ్యను నేరుగా చెవి దగ్గరికి తీసుకుపోకూడదు. యంత్రం ముందు ఎవరికీ తెలియని మరో సంఖ్య పుట్టించుకుని, దాన్ని వేసే చెవితో మార్చి, వచ్చినదానితో గుణించాలి. అప్పుడు తాళం తీయాలి. చివర్లో ఆ తెలియని సంఖ్యను భాగించి తీసేస్తే అసలు జవాబు మిగులుతుంది. బయటివాడు పంపింది ఒకటి, లోపల గుణించింది వేరొకటి. ఎంత కొలుచుకున్నా ఆ సమయానికీ వాడు పంపిన సంఖ్యకూ పొత్తు కుదరదు. అయితే ఆ తెలియని సంఖ్య ప్రతిసారీ కొత్తదై ఉండాలి. పాతదే మళ్ళీ వాడితే చేసిందంతా వృథా.

మా యజమానికి ఇదంతా దండగ పనిలా తోచింది. "అరే మేడమ్, భిలాయి మే కౌన్ బైఠా హై నాప్‌నే వాలా? ఏక్ బార్ నంబర్ బనావో, రోజ్ వహీ చలావో" అన్నాడు. ఇక్కడ కొలిచేవాడెవడున్నాడు, ఒకసారి సంఖ్య పుట్టించి రోజూ దాన్నే వాడమని. నేను ఒప్పుకోలేదు. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ముద్రించుకొచ్చిన కాగితాలు ఆయన బల్లమీద పరిచాను. గొంతు పెంచాను. పక్క గదిలోంచి ముగ్గురూ తొంగి చూశారు. చివరికి ఆయన రెండు చేతులూ ఎత్తి, మీ ఇష్టం అన్నాడు. గెలిచానని ఆ పూట ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఇంటికి వెళ్తూ దారిలో అరకిలో జిలేబీ కొనుక్కెళ్ళాను.

కొత్త సంఖ్య కావాలంటే యంత్రం దాన్ని తనంతట తాను కల్పించలేదు. యంత్రానికి లెక్కలొచ్చుగానీ లెక్కకు అందనిది రాదు. కీబోర్డు మీటకూ మీటకూ మధ్య గడిచిన సమయం, డిస్కు కదలికల్లోని తేడాలు, ఇలాంటివి కూడబెట్టుకుని వాటిలోంచి తీస్తుంది. అది ఊటబావి లాంటిది. తోడిన నీళ్ళు ఊరేదాకా ఆగాలి. మా ఆఫీసులో ఐదుగురం పొద్దస్తమానం మీటలు బాదుతుంటే ఆ బావి ఎప్పుడూ నిండుగానే ఉండేది. నా ప్రోగ్రాం చకచకా నడిచింది. బాగుందనుకుని క్లినిక్‌లో పెట్టేశాం. అక్కడ ఆ యంత్రాన్ని వెనక గదిలో, కీబోర్డు కూడా లేకుండా, బల్ల కింద పెట్టారు. దాని దగ్గరికి రోజంతా ఎవరూ వెళ్ళరు. ఆ గది నేను చూశాను. చల్లగా ఉంది, యంత్రానికి మంచిదే అనుకున్నాను.

చిన్నాన్నకు దగ్గు రెండేళ్ళుగా ఉంది. ఖుర్సీపార్‌లో ఎవరికి లేదు గనక అనేవాడు. ఆ ఏడు మెట్లెక్కేటప్పుడు సగంలో ఆగడం మొదలైంది. ఒక ఆదివారం గుడి నుంచి, మేం చర్చిని గుడే అంటాం, వాళ్ళింటికి వెళ్ళి ఎక్స్‌రే మాట ఎత్తాను.

"వద్దే అమ్మా. తీయించినాననుకో, ఆ మున్షీకి తెలిసిపోద్ది. పాసు ఎలిపోద్ది."

"తెలీదు చిన్నాన్నా. ఆ తాళం రాసింది నేను."

"నువ్వు రాసినావని ఆడికేటి భయమా?"

"వాడు కాదు, వాడి తాత దిగొచ్చినా తీయలేడు. పక్కా."

ఆయన నవ్వాడు, నవ్వు దగ్గయింది. పిన్ని నీళ్ళిచ్చింది. ఆ తర్వాత రెండు వారాలు నేను పోయినప్పుడల్లా అదే మాట. బ్లైండింగ్ గురించి కూడా చెప్పాను. అంకెను ఎలా మరుగుపరుస్తామో పళ్ళెంలో శనగలు పెట్టి మరీ చూపించాను. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. శనగలు తింటూ విన్నాడు. చివరికి, "నువ్వు ఇంత గట్టిగా సెప్తన్నావు కాబట్టి ఎల్తాను" అన్నాడు.

క్లినిక్‌లో ఎక్స్‌రే తీసే కాంపౌండర్ మా గుడి మనిషే, మా వైపు వాడే. సంఘపెద్ద కూడా. చిన్నాన్నను అన్నా అని పిలిచి, కుర్చీ వేసి, వరసలో నిలబెట్టకుండా తీసి పంపాడు. ఛాతీ రెండు వైపులా మచ్చలున్నాయి. డాక్టరు చిన్నాన్నను ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పాడు. మందులు రాశాడు. పొడి దగ్గర పని మానకపోతే మందులు ఏం చేయలేవన్నాడు. చిన్నాన్న బయటికి వచ్చి నాతో, "పాసు ఒచ్చీనాక నేనే మెల్లగా స్టోర్సులో పని అడుగుతాను. ముందు పాసు సేతిలో పడనీ" అన్నాడు. తెలివైన ఆలోచనే. ఆ ఆలోచన ఆయన చేతుల్లో ఉండాలనే ఆ షరతు పెట్టారు.

పాసు రాలేదు. మున్షీ ఆయన పాత పాసు తీసుకుని సొరుగులో వేసి, "అభీ జరూరత్ నహీ హై, బులాయేంగే" అన్నాడట. ఇప్పుడు అవసరం లేదు, పిలుస్తాం అని. పిలవరని అందరికీ తెలుసు. చిన్నాన్న అక్కడే బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుని, ఉత్త జేబుతో ఇంటికొచ్చాడు. ఎప్పుడూ దగ్గని వాళ్ళకు ఆ రోజే పాసులు ఇచ్చారు.

పిన్ని నిమిషం కూడా ఆలోచించలేదు. "ఆ కాంపౌండర్‌గాడే సెప్పీసినాడు. ఫోటో తీసినోడు ఆడే కదా. ఇంకెవులికి తెలుసు?" అంది. నాకూ అదే అనిపించింది. నా తాళం మీద నాకంత నమ్మకం. మనుషులే బలహీనం, లెక్క కాదు అనుకున్నాను. ఆ ఆదివారం గుడి వాకిట్లో అందరి ముందూ పిన్ని కాంపౌండర్‌ని పట్టుకుని నానా మాటలూ అంది. "వదినా, నా పిల్లల మీద ఒట్టు, నేను ఎవరికీ చెప్పలేదు" అని ఆయన చేతులు జోడించాడు. నేను పిన్ని పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూశాడు, చదువుకున్న పిల్ల ఏమైనా సర్దిచెబుతుందేమోనని. నేను మొహం గట్టిగా పెట్టుకున్నాను.

నెల తిరిగాక మున్షీ కంప్యూటర్‌కు ప్రింటరు కలపాలని నన్ను పంపారు. రేకుల షెడ్డు, టేబుల్ ఫ్యాను, గోడకు కాలెండరు. చిన్నాన్న సంగతి కడుపులో పెట్టుకునే వెళ్ళాను. మున్షీ మర్యాదస్తుడు. "బైఠియే బహన్‌జీ" అని తన కుర్చీ నాకిచ్చాడు. నేను తీగలు కలుపుతుంటే ఆయన నిలబడే పని చేసుకుంటున్నాడు. ఒక నంబరు కొట్టాడు. తెరమీద ఇసుక గడియారం బొమ్మ తిరుగుతోంది. ఆయన పెదాలు కదులుతున్నాయి. "ఏక్, దో, తీన్." 'పరీక్ష పూర్తి' అని వచ్చింది. ఇంకో నంబరు. "ఏక్, దో, తీన్, చార్, పాంచ్, ఛే, సాత్, ఆఠ్." 'పరీక్ష పూర్తి' అని వచ్చింది. హాజరు పుస్తకంలో ఆ పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టాడు.

ఏమిటది అని అడిగాను. దాచాల్సిన విషయమని కూడా ఆయనకు తోచలేదు. "జిస్కా చక్కర్ లంబా, ఉస్కా ఛాతీ గడ్‌బడ్" అన్నాడు. ఎవరికి గడియారం ఎక్కువసేపు తిరుగుతుందో వాడి ఛాతీలో తేడా ఉన్నట్టు. మొదట్లో బాగా దగ్గేవాళ్ళ నంబర్లకు ఆలస్యమవడం చూశాడట. తర్వాత లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాడట. "మీ మిషను చాలా మంచిది, అబద్ధం చెప్పదు" అని నన్ను మెచ్చుకున్నాడు కూడా.

ఏం జరిగిందో నాకు అక్కడే, ఆ కుర్చీలోనే తెలిసిపోయింది. ఎక్స్‌రేలో ఏమీ లేనివాడి ఫైలుకు ఒక్క తాళం. ఏదైనా ఉన్నవాడి ఫైలులో డాక్టరు రాసిన చీటీ ఒకటి అదనంగా ఉంటుంది, దానికి వేరే తాళం. అడిగింది ఎవరైనా సరే, నా ప్రోగ్రాం ముందుగా ఆ ఫైలుకున్న తాళాలన్నీ తీసేసి, ఆ తర్వాత ఎవరికి ఏది చూపాలో చూసుకునేది. అలా రాయడం తేలిక, అందుకని అలా రాశాను. మున్షీ కోసం ఆ రెండో తాళాన్ని అసలు ముట్టుకోనవసరమే లేదు. ముట్టుకున్న ప్రతిసారీ బ్లైండింగ్‌కు ఇంకో కొత్త సంఖ్య కావాలి. క్లినిక్ వెనక గదిలో ఆ యంత్రం దగ్గర సంఖ్యలు లేవు, ఊరేదాకా ఆగేది. నేను గొంతు చించుకుని నిలబెట్టుకున్న బ్లైండింగే ఆ తేడాను వేళ్ళమీద లెక్కపెట్టుకునేంత సాగదీసింది. రవ్వంత తేడాలను కొలిచే మహా మేధావి ఎవడో వస్తాడని కాపలా కాశాను. పెదాలు కదుపుతూ ఎనిమిది దాకా లెక్కపెట్టే మనిషి నా ఊహకే రాలేదు.

మర్నాడే దాన్ని సరిచేశాను. మున్షీ అడిగితే ఏ ఫైలూ తెరవకుండా, ఎవరికైనా ఒకే సమయానికి జవాబు వచ్చేలా మార్చాను. వేగం పెంచానని యజమానికి చెప్పాను. ఆయన సంతోషించాడు. పుస్తకంలో అప్పటికే పడిన చుక్కలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. ఒక పేజీలోనే చాలా ఉన్నాయి.

చిన్నాన్నకు చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. పిన్ని అప్పటికి ఒక స్కూల్లో ఆయాగా చేరింది. మధ్యాహ్నం ఆయన ఒక్కడే మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. మొత్తం చెప్పాను. శనగల అవసరం రాలేదు, లెక్కపెట్టడం ఎవరికైనా తెలుసు. ఏడుస్తూ చెప్పాను. తిట్టమని కూడా అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు దగ్గాడు.

"ఇది ఇంకెవులికైనా సెప్పినావా?"

"లేదు."

"సెప్పకు. నీ నౌకరీ ఎలిపోద్ది. ఒక ఇంట్లో ఒకడి పని పోనాది, సాలు."

"మరి ఆ కాంపౌండర్ అన్న? పిన్ని ఆయన్ని అందరి ముందూ..."

"దానికి నేను సెప్తాన్లే, నిదానంగా. నువ్వు నోరెత్తకు."

జీవితంలో మొదటిసారి నోరెత్తకుండా ఉండడం నాకు తేలికగా కుదిరింది. ఆ తేలికకు నాకిప్పటికీ సిగ్గేస్తుంది. చిన్నాన్న వానాకాలం దాటలేదు. పిన్నికి చెప్పలేదు. మర్చిపోయాడో, నిదానంగా చెప్పడానికి తనకింకా సమయముందనుకున్నాడో, కావాలనే నన్ను కాపాడాడో నాకు తెలియదు. శవపేటిక వెనక కాంపౌండర్ కూడా నడిచాడు, అందరికంటే చివర.

మా గుడిలో నెలకు మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఉంటుంది. ఎవరిమీదైనా పగ పెట్టుకున్నవాళ్ళు ముందు వెళ్ళి సమాధానపడి రావాలనీ, లేకపోతే బల్లలో చేయి వేయకూడదనీ పాస్టరుగారు ప్రతిసారీ చెబుతారు. చాలామంది ఆ మాట విని ఊరుకుంటారు. పిన్ని అలాంటిది కాదు. "ఆడిని నేను క్షమించలేను అయ్యగారూ. మనసులో అది పెట్టుకుని రొట్టె తినలేను" అని మొదటిసారే చెప్పేసింది. బల్ల పాట మొదలవగానే లేచి, కొంగు సర్దుకుని, బయటికి వెళ్ళి చెప్పులు విడిచిన చోట కూర్చుంటుంది. ఇన్నేళ్ళుగా అంతే. ఒక్కసారి కూడా తప్పలేదు.

సంఘపెద్ద కాబట్టి రొట్టె పళ్ళెం పట్టుకుని వరసలోకి వచ్చేది ఆ కాంపౌండరే. జుట్టంతా నెరిసిపోయింది. పిన్ని లేచిపోయిన ఖాళీ ముందు ఒక్క క్షణం ఆగుతాడు. తర్వాత నా ముందుకు వచ్చి, "వందనాలమ్మా" అని పళ్ళెం కిందికి వంచుతాడు. నేను "వందనాలన్నా" అంటాను. ఒక ముక్క తీసుకుని తింటాను.